ఖిలా వరంగల్‌లో దిక్కు తెలిసిన చోటు

ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులకు నాలుగు కీర్తి తోరణాలు. నాలుగూ ఒకేలా ఉంటాయి. మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి ఉన్న చోట ఇప్పుడు విరిగిన స్తంభాలు, హంసలు, లతలు చెక్కిన రాళ్లు. కెమెరాలు పట్టుకుని అందరూ సంతోషంగా తిరుగుతున్నారు. నాకేమో మధ్యలోకి రాగానే టెన్షన్ పట్టుకుంది. ఏ తోరణం వైపు నుంచి వచ్చానో, ఆటో ఎటు ఆగి ఉందో తెలియడం లేదు.

ఇది అజాగ్రత్త అని ఇంట్లో వాళ్లంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. వెళ్లిన దారినే వెనక్కి వస్తున్నా నా కంటికి అది కొత్త దారే. మనం ఎక్కడున్నామో మెదడుకు తెలిపే కణాలను కనుక్కున్న ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. దారి గుర్తుపట్టడం మెదడు చేసే పెద్ద పనే, అది అందరిలో ఒకేలా సాగదు.

మ్యాప్ తెరిస్తే బాణం గిరగిరా తిరుగుతోంది. చెట్టు కింద జామకాయలు అమ్ముతున్న పెద్దమ్మ చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"ఏమైంది బిడ్డా, ఈడీడనే తిరుగుతున్నవ్?"

"ఏ వైపు నుంచి వచ్చానో తెలియడం లేదమ్మా."

ఆమె నవ్వలేదు. లేచి నా భుజం పట్టుకుని తిప్పింది. "అగో, ఆ పెద్ద రాతి కట్టడం, ఖుష్‌మహల్ కనవడుతుందా? పొద్దుగూకే దిక్కు అదే. అటే పోతే పడమటి దర్వాజ. స్టేషన్ తొవ్వ గదే."

మా రాజమండ్రిలో గోదావరి ఎటుంటే అటు పడమర. నది కనిపిస్తే నాకు ఊరంతా తెలిసినట్టే. ఇక్కడ ఆ పని ఖుష్‌మహల్ చేసింది. "కుడి, ఎడమ" అని చెప్పి ఉంటే నేను తిరిగిన ప్రతిసారీ అవీ తిరిగేవి.

ఆటో దొరికింది. వెయిటింగ్ పేరుతో డ్రైవర్ అడిగిన డబ్బుతో హన్మకొండ వెళ్లి రావచ్చు. గొడవపడే ఓపిక లేక ఇచ్చేశాను. దర్వాజ దగ్గర దారి సూటిగా పోదు, గోడల మధ్య అడ్డంగా మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే శత్రువును నిలవరించడానికి అలా కట్టారు. తెలిసే కట్టారు కాబట్టి దాని మీద నాకు కోపం లేదు.

వేయిస్తంభాల గుడి సాయంత్రం హడావుడిగా చూశాను. మనసంతా కోటలోనే ఉంది. ఒక్కో తోరణం ముందు తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని తెలుగులో ఒక్క మాట రాసిన పలక ఎక్కడా నాకు కనిపించలేదు. టికెట్ డబ్బు వసూలు చేస్తున్నారు కదా, ఆ నాలుగు పలకలూ పెట్టించండి.