ఫ్యాన్ వంక చూడకుండానే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు

బండి నిన్ననే చేతికొచ్చింది. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

అమలాపురం నుంచి రావులపాలెం వరకు అరవైలో వెళ్తే టెంపరేచర్ ముల్లు సగం దాటదు. రావులపాలెం సెంటర్లో అరటి గెలల లారీల వెనక ఆగామా, ముల్లు పైకి లేస్తుంది, ఏసీలోంచి వేడిగాలి కొడుతుంది. గౌతమి బ్రిడ్జి ఎక్కి స్పీడందుకోగానే రెండూ సర్దుకుంటాయి. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కీ ఆ గాలే దిక్కు. కాబట్టి ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌నే.

దారిలో ఒక షెడ్డులో చూపించాం. మేస్త్రి బానెట్ ఎత్తాడు, ఇంజన్ స్టార్ట్ చెయ్యమని కూడా అనలేదు, "హెడ్ గ్యాస్కెట్ పోయిందండి, హెడ్ దించాలి, 18,000 అవుద్ది" అన్నాడు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు. కూలెంట్ తగ్గలేదు, ఆయిల్ టీ రంగులోకి మారలేదు, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ లేదు, మరి గ్యాస్కెట్ పోయిందని ఎలా అంటున్నారని అడిగాను. "యూట్యూబ్ చూసొచ్చారాండీ? బండి తోలడం వేరు, బాగుచెయ్యడం వేరు" అన్నాడు. కుర్రాళ్లందరూ నవ్వారు. పక్కనే మావయ్యగారు, "వాళ్లకి తెలీదా అల్లుడూ, ఒప్పేసుకో" అన్నారు. తల కొట్టేసినట్టయింది. పైగా బానెట్ ఎత్తినందుకు చూసిన కూలి అంటూ 500 తీసుకున్నాడు! అడిగిన మనిషికి జవాబు చెప్పలేనివాడు ఆ మనిషిని నవ్వులపాలు చెయ్యడం పనితనం కాదు, పొగరు. అలాంటి షెడ్డులో బండి వదలకండి.

ఇంటికొచ్చి నేనే చూశాను. ఇంజన్ ఆన్, ఏసీ ఆన్: ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజ్ బాగుంది. రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు) తీసి అదే నంబరున్న హారన్ రిలే పెట్టాను, టిక్ మంటోంది గానీ ఫ్యాన్ తిరగలేదు. అప్పుడు మోటార్ కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాను. రయ్‌మని తిరిగింది. అంటే మోటార్ బాగుంది, కరెంటే అందట్లేదు.

ఊడదీసిన కనెక్టర్ లోపలికి టార్చి వేసి చూస్తే ఒక పిన్ను పచ్చగా చిలుం పట్టి, దాని చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగిపోయి ఉంది. మన కోనసీమ రోడ్లమీద వానాకాలం నిలిచే నీళ్లు బంపర్ వెనక్కి ఎగజిమ్ముతాయి, ఉప్పుగాలి సరేసరి. చిలుం పడితే ఆ జాయింట్ వేడెక్కుతుంది, వేడెక్కి కాలుతుంది. అమలాపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయ్ దగ్గరికెళ్తే, నేను చెప్పిందంతా విని, టెస్ట్ లైటుతో తనూ ఒకసారి చూసుకుని, కొత్త కనెక్టర్ వేసి గ్రీజు పెట్టాడు. మొత్తం 350.

మీరూ చూసుకుంటే ఒక జాగ్రత్త: కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, రెక్కల్లో చెయ్యి పెట్టొద్దు. ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, వీలైనంత త్వరగా పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యండి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి, లోపల ప్రెజర్ మీదున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.