రోడ్డు అంచు నుంచి నీళ్ల దాకా

ఏ ఊరికైనా బయల్దేరాలంటే మా ఇంట్లో ముందు ఫోన్లు మొదలవుతాయి. లాడ్జికి ఫోన్ చేస్తే అందరూ గది అద్దె అడుగుతారు, నేను బాత్‌రూమ్ తలుపు వెడల్పు అడుగుతాను. మా అమ్మాయి పేరు చిట్టి, దాని వీల్‌చెయిర్ వెడల్పు 60 సెంటీమీటర్లు. "పడుతుందమ్మా, మామూలు తలుపే" అంటారు. ఆ మాట నమ్ముకుని వెళితే అర్ధరాత్రి పదేళ్ల పిల్లని ఎత్తుకుని మోయాల్సి వస్తుంది. అందుకని ఇప్పుడు తలుపుకి టేపు పట్టి ఫొటో తీసి వాట్సాప్ చేయమంటున్నాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. శ్రీకాకుళంలో ఒకాయన మాత్రం అడగకుండానే గుమ్మం ఫొటో కూడా పంపి, "రెండు మెట్లున్నాయమ్మా, మీరొచ్చేసరికి పలక వేయిస్తాను" అన్నాడు. ఆ లాడ్జిలోనే దిగాం.

చిట్టికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాల మీద మెదడుకి పట్టు సరిగా లేని స్థితి. కాళ్లు సహకరించవు. కుడిచేయి చురుకు, ఎడమచేయి కాస్త నెమ్మది. చదునైన నేల దొరికిందంటే చక్రాలు తనే తిప్పుకుంటుంది. వెనకనుంచి ఎవరైనా పట్టుకుని తోస్తే ఊరుకోదు. దాని తమ్ముడు బీచి వీడియోలు చూపించి ఊరించినప్పటి నుంచి సముద్రం దగ్గరికి వెళ్దామని ఒకటే పోరు. మేముండే విజయనగరానికి సముద్రం దూరమేం కాదు. శ్రీకాకుళం జిల్లాకైతే ఏకంగా 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత తీరం ఇంకే జిల్లాకీ లేదు. మాకు లెక్కలోకి వచ్చేది మాత్రం రోడ్డు అంచు నుంచి నీళ్ల దాకా ఉండే ఆ కాస్త ఇసుక.

డిసెంబరులో, చలి మొదలయ్యాక బయల్దేరాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య.

ముందు శ్రీకూర్మం వెళ్లాం. విష్ణుమూర్తి కూర్మరూపంలో పూజలందుకునే క్షేత్రం కదా, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు కూడా ఉంటాయి. పిల్లలున్న ఇంటివాళ్లకి అంతకన్నా మంచి మజిలీ లేదు. చిట్టి వాటిని చూస్తూ చాలాసేపు కదల్లేదు. తాబేలు ఆకు కొరకడానికి మెడ చాపి, ఆగి, మళ్లీ చాపి, నెమ్మదిగా నోట్లోకి లాక్కుంటుంటే దానికి ఒక్క క్షణం కూడా విసుగు రాలేదు. దాని తమ్ముడికి మాత్రం రెండు నిమిషాలకే సరిపోయింది. పాతకాలపు రాతి గుడి, గడపలు ఎత్తు. దర్శనానికి వాళ్ల నాన్న ఎత్తుకునే తీసుకెళ్లాడు. బయటికొచ్చాక చిట్టి అంది, "దేవుడి దగ్గర ఎత్తుకున్నావు, సరే. సముద్రం దగ్గర మాత్రం నేనే వెళ్తాను నాన్నా."

ఆ మాటకి మా ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

సాయంత్రం ఒక పిల్లల పార్కు కనిపిస్తే ఆగాం. ఊరి పేరు రాయను. ఉయ్యాలలూ జారుడుబల్లలూ కొత్తగా రంగులేసి ముచ్చటగా ఉన్నాయి. పశువులు దూరకుండా గేటు దగ్గర ఇనప కమ్మీలు మెలిక తిప్పి పెట్టారు. మనిషి ఒంటికాలు ముందుకేసి, పక్కకి తిరిగి లోపలికెళ్లాలి. ఆవు పట్టని చోట వీల్‌చెయిరూ పట్టదు. కర్ర ఊతంతో నడిచే అత్తయ్యకీ అది కుదర్లేదు. పక్కనే గొళ్లెం వేసే చిన్న తలుపు ఒకటి పెడితే అటు పశువులూ ఆగుతాయి, ఇటు పిల్లలూ వెళ్తారు. లోపల ఉయ్యాలల చుట్టూ జానెడెత్తు సిమెంటు గట్టు, గట్టు లోపల కంకర. తమ్ముడు ఊగుతుంటే చిట్టి కమ్మీల అవతలే ఉండి లెక్కపెట్టింది.

పిల్లలందరూ కలిసి ఆడుకునే పార్కు ఎలా ఉంటుందో తెలియక ఇలా కడుతున్నారేమో అనిపిస్తుంది నాకు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని 2010లో తెరిచారు. అక్కడ వీల్‌చెయిర్‌తో సహా ఎక్కి ఊగే ఉయ్యాల ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకి టికెట్ లేదు. మనకి అంత పెద్దది అక్కర్లేదు. రంగులరాట్నం నేలతో సమానంగా ఉండాలి, అప్పుడు చక్రాలు నేరుగా దానిమీదకి వెళ్తాయి. ఇసుక ఆటకి మోకాళ్లు కిందికి పట్టేలా ఒక ఎత్తు బల్ల, దానిమీద ఇసుక తొట్టి. నేలకి కంకర బదులు రబ్బరు పరుపు. ర్యాంపు ఉంటే 1:12 వాలులో ఉండాలి, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. చాలాచోట్ల మూడు మెట్ల ఎత్తుకి ఐదారు అడుగుల్లో ర్యాంపు పోసేసి పనైపోయిందంటారు. అలాంటిచోట చిట్టి తనంతట తను ఎక్కలేదు. వెనక్కి దొర్లిపోతుందేమోనని నేను ఒళ్లంతా కళ్లు చేసుకుని నిలబడాలి.

మర్నాడు తెల్లారకముందే కళింగపట్నం బయల్దేరాం. గార మీదుగా దారి. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. ఇప్పుడు లైట్‌హౌసు, పక్కన వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు, తెప్పలు, వలలు. వేళ చూసుకునే వెళ్లాం. ఆటు ఉన్నప్పుడు నీరు వెనక్కి తగ్గి, తడిసిన ఇసుక గట్టిగా చదునుగా బయటపడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఇంకా ఎక్కువ వెనక్కి వెళ్తుంది. ఆటు వేళ రోజుకి ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతుంటుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. వీల్‌చెయిర్‌తో వెళ్లేవాళ్లు సూర్యోదయం వేళతో పాటు ఇది కూడా చూసుకోవాలి.

అయితే ఆ గట్టి ఇసుక దాకా వెళ్లాలి కదా. మేం ఆగిన చోట మధ్యలో అంతా పొడి ఇసుక. మా ఆయన ముందుకి తోశాడు. నాలుగడుగులు కూడా వెళ్లకముందే ముందు చక్రాలు పూర్తిగా కూరుకుపోయాయి. చిట్టి ముందుకి తూలింది. వలలు సర్దుకుంటున్న ఒక తాత అక్కణ్నుంచే కేకేశాడు.

"అలగ తొయ్యకండి బాబూ! ఎనక్కి తిప్పీండి. సిన్న సక్రాలు ఇసకలో దిగిపోతాయి, పెద్ద సక్రాలే నడుస్తాయి."

చెయిర్ని వెనక్కి తిప్పి, కాస్త వాల్చి, ముందు చక్రాలు గాల్లో ఉండేట్టు లాగాలన్నమాట. తాత, మరో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చెరో పక్క పట్టుకున్నారు. "గుంటా, బయం నేదు, బేగొచ్చేస్తాది" అంటూ లాగారు. గుంట అంటే మా వైపు పిల్ల. చిట్టి వీపు సముద్రం వైపు, మొహం మా వైపు. తను చూడాలనుకున్నది వెనక ఉంది, చూస్తున్నది మమ్మల్ని. వాళ్లు ఎంత ప్రేమగా పట్టుకున్నా దాని పెదాలు బిగుసుకునే ఉన్నాయి. అది నాకు తెలుసు, ఆ మొహం నాకు రోజూ అలవాటే.

తడి ఇసుక మీదకి రాగానే చెయిర్ తిప్పి నిలబెట్టారు. చిట్టి చేతులు చక్రాల మీదకి వెళ్లాయి. ఒక తోపు తోసింది. కదిలింది. ఇంకో తోపు. కుడిచేయి బలం ఎక్కువ కావడంతో చెయిర్ ఎడమకి తిరిగిపోతుంటే ఆగి, ఎడమ చక్రం ఒక్కటే రెండుసార్లు తిప్పి సరిచేసుకుని మళ్లీ బయల్దేరింది. "ఎవ్వరూ పట్టుకోవద్దు" అని అరిచింది. తమ్ముడు పక్కన పరిగెడుతున్నాడు. మా ఆయన నీళ్ల వైపు, నేను ఒడ్డు వైపు, కాస్త దూరంగా నడిచాం. అల నురగ చక్రాల కింద నుంచి వెళ్లి వెనక్కి వస్తుంటే అది నవ్విన నవ్వు ఇప్పటికీ మా ఇంట్లో మాటల్లో వస్తూనే ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్ల దగ్గర చెయిర్ బెల్టు విప్పేయాలి. అల లాగితే పిల్లని విడిపించే టైముండదు. నది సముద్రంలో కలిసేచోట లోపలి లాగుడు బలంగా ఉంటుంది, అటు అసలు వెళ్లలేదు. మేం ఉన్నచోట కూడా నురగ తగిలే అంచు దాటలేదు.

ఇసుకలో ఆడాలంటే మళ్లీ చిక్కే. నేల మీద కూర్చోబెడితే చిట్టికి నడుము నిలబడదు. చేపలు ఏరుతున్న ఒకామె మమ్మల్ని చూసి, "ఏటమ్మా, గుంట ఇసకలో ఆడదా? ఉండు, నాను తెస్తాను" అని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కడిగి, నిండా తడి ఇసుక పోసి తెచ్చింది. చెయిర్ చేతుల మీద ఒక చెక్క అడ్డంగా వేసి దానిమీద పెట్టాం. పార్కుల్లో ఉండాలని నేను అనుకునే ఇసుక బల్ల ఆమె రెండు నిమిషాల్లో తయారుచేసింది. పిచ్చుకగూడు కట్టాలంటే అందరం పాదం మీద ఇసుక కప్పుతాం. చిట్టి ఎడమచేతి పిడికిలి పెట్టింది, కుడిచేత్తో ఇసుక కప్పి తట్టింది. ఆ పిడికిలి తొందరగా తెరుచుకోదు, ఎప్పుడూ దానికదో బాధ. ఇక్కడ అదే పనికొచ్చింది. మొదటి గూడు కూలింది. రెండోసారి ముక్కు మీద చెమట పట్టేంత నెమ్మదిగా చేయి లాగింది, గూడు నిలిచింది. అత్తయ్య గవ్వ తెచ్చి గుమ్మం పెట్టింది. రోడ్డు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటానన్న మనిషి, ఆ కుర్రాళ్ల చేయి పట్టుకుని ఇంతదూరం వచ్చేసింది!

ఎండెక్కాక టెక్కలి వైపు వెళ్లాం. తేలినీలాపురం మాలాంటి వాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఎక్కాల్సింది లేదు, దిగాల్సింది లేదు, తలెత్తితే చాలు. తల్లి గూడబాతు ముక్కు కింది సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేప తినడం చిట్టికి తమ్ముడి కన్నా ముందు కనిపించింది. శాలిహుండం బౌద్ధ స్తూపాలు కొండ మీద కాబట్టి ఈసారికి వదిలేశాం.

ఇంటికి రాగానే చెయిర్ని మంచినీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, చక్రాల ఇరుసులకి నూనె వేశాం. ఉప్పునీరు వదిలేస్తే బేరింగులు తుప్పుపడతాయి.

తర్వాత నేను కలెక్టరు గారికి అర్జీ రాయడానికి కూర్చున్నాను. సోమవారాల్లో అర్జీలు తీసుకుంటారు కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి రాశాను. ఆటపాటల్లో వైకల్యం ఉన్న పిల్లలకీ సమాన అవకాశం ఉండాలని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించిందని రాశాను. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో నీళ్ల దగ్గరికి చెక్కబాట వేశారు. మర్నెల్లోనే మాండూస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది, తర్వాత బాగుచేశారు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన మన తీరానికి స్థిరమైన చెక్కబాట కన్నా చాపలా చుట్టేసి దాచుకునే గట్టి పట్టా మేలని నా నమ్మకం. అవి వేరే దేశాల బీచిల్లో ఏళ్లుగా వాడుతున్నారు. దానితోపాటు లావుపాటి గాలి టైర్లుండే బీచి వీల్‌చెయిర్ ఒకటి, వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి ఒకటి. ఇంతే అడిగాను.

పట్టా ఎవరు చూసుకుంటారు, గాలివానకి ఎవరు తీస్తారు అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. ఆ ఉదయమే తాతని అడిగాను. "తుపానంటే తెప్పలు పైకి లాగీమా ఏటి? దాన్నీ లాగేస్తాం" అన్నాడు. ఆ మాట కూడా అర్జీలో రాశాను.