చిట్టా నేర్పిన చదువు

అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో నేను బీకాం చదివిన రోజుల్లో మా నాన్నగారు పాతూరులో ఒక వేరుశనగ మండీలో గుమాస్తాగా ఉండేవారు. తరగతులు ముగియగానే నేను మండీకి వెళ్ళి, ఆయన చిట్టా, అంటే రోజువారీ జమాఖర్చుల పుస్తకం, చదువుతూ ఉంటే ఆవర్జాలోకి, అంటే ఖాతాల వారీగా రాసే పుస్తకంలోకి, పద్దులు ఎక్కించేవాణ్ణి. కంపెనీల వ్యాజ్యాలు, అంతర్గత విచారణలు చేసే వకీలు పని ఎలా ఉంటుందో, అందులోకి నేను ఎలా వచ్చానో రాయమని మన కళాశాల సంచిక సంపాదకులు అడిగినప్పుడు, ఆ మండీ నుంచే మొదలుపెట్టాలని తోచింది. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా పుట్టిన మన కళాశాలను గురించి రాసేవారందరూ రాధాకృష్ణన్ గారు ఇక్కడ పాఠాలు చెప్పిన సంగతినీ, నీలం సంజీవరెడ్డి గారు ఇక్కడి చదువు మధ్యలో విడిచి ఉద్యమంలోకి వెళ్ళిన సంగతినీ తప్పక రాస్తారు కనుక, వాటిని వారికే వదిలేస్తున్నాను.

ఒకనాడు లెక్కల తగాదా వచ్చి, మరో వ్యాపారి తన పుస్తకాన్ని మా మండీకి తెచ్చాడు. నాన్నగారు మొత్తాలు కూడి చూడలేదు. నాలుగు పేజీలు తిప్పి, మూడు నెలల పద్దులూ ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉన్నాయనీ, ఇది ఏ రోజుకారోజు రాసింది కాదనీ, కూర్చున్న పళాన రాసిందనీ తేల్చేశారు. ఆ మాటకు చట్టంలో ఎంత విలువ ఉందో నాకు లా చదివేటప్పుడు తెలిసింది. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్ ప్రకారం వ్యాపారంలో క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకంలోని పద్దు సాక్ష్యంగా పనికివస్తుంది గాని, ఒక మనిషి మీద బాధ్యత మోపడానికి అదొక్కటే చాలదు. రాజకీయ నాయకులకు సొమ్ము ఇచ్చినట్టు డైరీల్లో రాసి ఉందన్న జైన్ డైరీల కేసులో సుప్రీంకోర్టు 1998లో విడి కాగితాలను లెక్కల పుస్తకంగా అంగీకరించకపోవడం ఈ సెక్షన్ ఆధారంగానే. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే నియమం 28వ సెక్షన్‌గా ఉంది. నా వృత్తిలో నేటికీ సగం పని ఈ ఒక్క సెక్షన్ చుట్టూనే తిరుగుతుందని చెప్పినా పెద్ద అతిశయోక్తి కాదు.

వకీలుగా నమోదైన తరువాత నాలుగేళ్ళు అనంతపురం కోర్టుల్లోనే జూనియర్‌గా ఉన్నాను. అక్కడ చేసిన కేసుల్లో ఎక్కువ భాగం ప్రోనోటు, అంటే అప్పు తీరుస్తానని రాసిచ్చిన పత్రం, మీద వేసే దావాలే. మొదటి ఏడాదిలోనే ఒక తప్పు చేశాను. క్లయింటు తెచ్చిన నోటు జిరాక్సు చూసి దావా తయారుచేశాను. అసలు నోటును తిప్పి చూడలేదు. దాని వెనుక అప్పు తీసుకున్నవాడు కొంత సొమ్ము కట్టి, తన చేతితోనే రాసి సంతకం చేసిన చెల్లు ఉంది. దావా వేసే గడువు తీరకముందే అలా రాసి ఇచ్చిన చెల్లు ఉంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళ గడువు లెక్కకు వస్తుంది; ఆ సంగతిని దావాలో స్పష్టంగా చెప్పుకోవాలి. నేను చెప్పనందున దావా చూడగానే కాలదోషం పట్టినట్టు కనిపించి, కోర్టు ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది. సీనియర్ గారు కోప్పడలేదు. ఇకమీదట నకలు చూసి డ్రాఫ్టు రాయవద్దని మాత్రం అన్నారు.

హైదరాబాదు వెళ్ళాక కంపెనీల వివాదాలు, కోర్టు బయట మధ్యవర్తి ముందు నడిచే ఆర్బిట్రేషన్లు చేస్తూ పదేళ్ళు గడిచాయి. 2009 జనవరి 7న హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లేఖ బయటికి వచ్చింది. బ్యాలెన్స్ షీటులో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆ లేఖ చెప్పింది. బ్యాంకు నిల్వ అనేది ఉత్తరం రాసి అడిగితే తేలిపోయే సంగతి కదా అని మా బీకాం సహాధ్యాయులు ఫోన్లు చేసి అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఆ తరువాత ఆకాశరామన్న ఉత్తరం ఒకటి అందితే చాలు, దాన్ని చెత్తబుట్టలో వేయకుండా వకీళ్ళను పిలిచే అలవాటు బోర్డులకు మెల్లగా అబ్బింది. 2013 కంపెనీల చట్టం స్టాక్ మార్కెట్లో నమోదైన లిస్టెడ్ కంపెనీలు ఫిర్యాదులకు ఒక యంత్రాంగం పెట్టుకోవాలన్నది. 447వ సెక్షన్ కింద మోసానికి పదేళ్ళ వరకు జైలుశిక్షను నిర్దేశించింది.

వ్యాజ్యంలో ఎదుటి పక్షం ఎవరో వకాల్తా మీదే ఉంటుంది. అంతర్గత విచారణలో అది చివరిదాకా తెలియదు. మేము పోలీసులం కాము, ఎవరినీ నిర్బంధించలేము. ముందుగా ఏ కాగితమూ, ఏ మెయిలూ చెరిపివేయవద్దని ఉత్తర్వు ఇప్పించి, కంప్యూటర్లకు నకళ్ళు తీయించి, అన్నింటినీ తేదీల వారీగా పేర్చుకున్న తరువాతే మనుషులతో మాట్లాడతాము. మాట్లాడే ప్రతి ఉద్యోగికీ మొదటి మాటగా, నేను కంపెనీ వకీలునే గాని మీ వకీలును కానని, మీరు చెప్పింది కంపెనీకి చేరుతుందని చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా నమ్మకంగా పనిచేసిన క్యాషియరు ఎదురుగా కూర్చుని, "సార్, మీదీ మా అనంతపురమే కదా" అన్నప్పుడు ఆ మాట నోటి నుంచి రావడం ఎంత కష్టమో ఏ పుస్తకమూ చెప్పలేదు.

తేదీల వరుస చేసే మేలుకు ఒక్క ఉదాహరణ చెబుతాను. ధర్మవరం దగ్గరి భూమికి 2019లోనే అగ్రిమెంటు రాసుకున్నామని ఒక పక్షం కాగితం చూపింది. సంతకాలు, సాక్షులు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. చిరునామాలో మాత్రం "శ్రీ సత్యసాయి జిల్లా" అని ఉంది. ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అడ్డు ప్రశ్నల్లో నేను ఆ చిరునామా పంక్తిని సాక్షి చేత రెండుసార్లు చదివించి కూర్చున్నాను.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం లేనిదే కోర్టులో ముందుకు కదలదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం ఆ పత్రంలో హ్యాష్ విలువ, అంటే ఫైలు నుంచి కంప్యూటరు లెక్కకట్టే వేలిముద్ర లాంటి నంబరు, కూడా రాయమంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. నాన్నగారికి ఇది వివరిస్తే, తాము కూడా రోజు ముగిశాక నిల్వ తేల్చి దాని కింద అడ్డగీత కొట్టేవాళ్ళమనీ, ఆ పైన ఎవరూ పద్దు దూర్చలేకపోయేవారనీ అన్నారు. కాసేపు ఆగి, "గీత కొట్టకముందే దొంగ పద్దు రాసి ఉంటే మీ నంబరు ఏం చెబుతుంది?" అని అడిగారు. ఏమీ చెప్పదు, నకలు మారలేదని మాత్రమే చెబుతుంది. ఆ ప్రశ్నను ఇప్పుడు ప్రతి కేసులోనూ కంప్యూటరు నిపుణుల ముందు నేను పెడుతున్నాను, అది ఎవరిదో మాత్రం వారికి చెప్పడం లేదు.