ఏడో హోల్ దగ్గర మళ్ళీ 23 నిమిషాలు

ఈ శనివారం కూడా మా గోల్ఫ్ ఆటలో ఏడో హోల్ మాకు లొంగలేదు. మొదటివాడు టీ (హోల్ మొదలయ్యే చోటు) మీద బంతి పెట్టిన దగ్గర్నుంచి చివరి పట్ (గ్రీన్ అనే నున్నటి గడ్డి మీద బంతిని దొర్లించే దెబ్బ) కప్పులో పడేదాకా 23 నిమిషాలు. పద్దెనిమిది హోల్స్ రౌండు నాలుగుంబావు గంటల్లో ముగియాలంటే హోలుకి 14 నిమిషాలకి మించి పట్టకూడదు. ఈ ఒక్కచోటే 9 నిమిషాలు హరించుకుపోతున్నాయి. వెనకొచ్చే గుంపు టీ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఆట వేగం చూసే మార్షల్ కార్ట్ వచ్చి పక్కన ఆగింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. రూల్స్ షీటు కొత్తగా రాసి, అందరికీ వాట్సాప్‌లో పెట్టి, అందరూ సరేనన్నాక కూడా ఇదే వరస అయ్యేసరికి ఒళ్ళు మండిపోయింది.

మా సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే తెలుగువాళ్ళ శనివారం గ్రూపు ఇది. చాలామంది క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళే. గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో ఫ్రిస్కోకి తెచ్చాక మా కాలనీల్లో ఆట మీద ఆసక్తి బాగా పెరిగింది. ఆడేది పబ్లిక్ కోర్సులో. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులో తగ్గించుకోనిచ్చే స్ట్రోకులు, అంటే దెబ్బలు) 9 ఉన్నాయన ఉన్నాడు, 54 ఉన్నాయన ఉన్నాడు, ఇంకా హ్యాండిక్యాపే రానివాళ్ళూ ఉన్నారు.

షీటులో కుదిరినవి చాలానే ఉన్నాయి. జెండా తీయకుండానే పట్ చేస్తున్నాం, 2019 నుంచి రూలే ఒప్పుకుంటోంది. ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్ళు కొట్టేస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తర్వాతి హోల్లో కలుస్తున్నారు. బంతి కప్పుకి పటర్ (పట్ కొట్టే కర్ర) గ్రిప్పుకీ తలకీ మధ్య పొడవు లోపల ఆగితే అడక్కుండా ఎత్తేస్తున్నారు, పార్ (ఆ హోలుకి పెట్టిన దెబ్బల లెక్క) పట్ అయితే మాత్రం కొట్టాల్సిందే. స్పీకరు పాట పక్క ఫెయిర్‌వేకి (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) వినపడటం లేదు. మిగతా పదిహేడు హోల్స్ దారికొచ్చినట్టే.

ఇక ఏడోది. మేం ఆడే వైట్ టీ నుంచి 392 గజాల పార్ 4, కుడికి వంపు. ఎడమ పక్క ఇళ్ళు, తెల్ల కర్రలు, అంటే కోర్సు హద్దు. కుడి పక్క మెస్కీట్ చెట్లు, కింద మోకాలెత్తు గడ్డి, ఆ వెనక చిన్న వాగు, దానికి ఎర్ర కర్రలు, అంటే పెనాల్టీ ఏరియా గుర్తు. మా గుంపులో సగం మందికి స్లైసే (బంతి కుడికి వంగిపోవడం) సహజం కాబట్టి బంతులన్నీ చెట్లలోకే పోతాయి. ఈసారి నా కార్ట్‌లో ఉన్న తమ్ముడి చేత ఫోన్ స్టాప్‌వాచ్ పట్టించాను. లెక్క ఇలా వచ్చింది:

టీ మీద: 5:10
టీ నుంచి చెట్ల దాకా: 1:20
వెతుకులాట: 7:40
వాదన: 2:30
అక్కణ్ణుంచి గ్రీన్ దాకా: 3:20
గ్రీన్ మీద: 3:00

చివరి రెండూ బాగానే ఉన్నాయి. జబ్బంతా వెతుకులాటలోనూ వాదనలోనూ ఉంది, దాని వేరు టీ మీదే పడుతోంది.

ముందు వెతుకులాట. 2019కి ముందు అయిదు నిమిషాలు వెతకనిచ్చేవారు, ఇప్పుడు మూడే. మేం రూలు తప్పామా అంటే తప్పలేదు. ఆ మూడు నిమిషాలు ఒక్కో బంతికి విడివిడిగా లెక్క. ఆడినవాడు వెతకడం మొదలుపెట్టినప్పుడు గడియారం మొదలవుతుంది. చెట్లలోకి రెండు బంతులు పోయాయి. నలుగురం కలిసి మొదటిదానికి మూడు నిమిషాలు వెతికాం. అది దొరక్కపోతే నలుగురం రెండోదానికి మళ్ళాం, ఇంకో మూడు నిమిషాలు. మధ్యలో కార్ట్ తిప్పడం, వదిలేసిన క్లబ్బు (గోల్ఫ్ కర్ర) తెచ్చుకోవడం. ఫెయిర్‌వే మధ్యలో శుభ్రంగా బంతి పడి ఉన్న ఇద్దరు కూడా తమ షాట్ కొట్టకుండా గడ్డిలో తిరిగారు. సాయం చేయడం మర్యాదే. కానీ వాళ్ళు ముందు తమ షాట్ కొట్టి వచ్చి ఉంటే ఎంత లేదన్నా రెండు నిమిషాలు కలిసొచ్చేవి.

అయితే అసలు చిక్కు వేరేచోట ఉందని నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. మూడు నిమిషాలు అయిపోయాయని చెప్పేదెవరు? ఆ రోజు వెతుకుతున్నవాళ్ళలో ఒకాయన మా అందరికంటే పదిహేనేళ్ళు పెద్ద. "ఇక్కడే పడిందయ్యా, నేను చూశాను, ఒక్క నిమిషం" అంటాడు. ఆయన్ని పట్టుకుని "టైమైపోయిందండీ, రండి" అని ఎవరంటారు? ముప్పై ఏళ్ళవాడు అనలేడు. నేనూ అనలేను. అందుకే కిందటి షీటులో 'టైమ్ చూసే బాధ్యత కార్ట్‌మేట్‌ది' అని రాశాం. ఆ వాక్యం ఒక్కసారి కూడా పని చేయలేదు. అమెరికన్ పాత స్నేహితులు "టైమ్స్ అప్" అని నవ్వుతూ అనేసుకుని వెళ్ళిపోతారు. మనవాళ్ళలో అన్నగారికి, బావగారికి, మావగారికి ఆ మాట చెప్పడానికి నోరు రాదు, రాకపోవడం తప్పూ కాదు. రూలు రాసేటప్పుడే ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఇక వాదన. మా కోర్సు స్కోర్‌కార్డు వెనక ఇ-5 అనే లోకల్ రూలు (కోర్సు కావాలంటే పెట్టుకునే అదనపు రూలు) అచ్చేసి ఉంది. బంతి దొరక్కపోయినా, హద్దు దాటినా, మళ్ళీ టీ దగ్గరికి పోనక్కర్లేదు. అది పోయిందనుకున్న చోటు అంచనా వేసుకుని, హోలుకి దగ్గరవకుండా ఫెయిర్‌వే అంచు దగ్గరికొచ్చి, అక్కణ్ణుంచి ఫెయిర్‌వేలోకి రెండు క్లబ్బుల పొడవు లోపల డ్రాప్ చేసుకోవచ్చు. రెండు స్ట్రోకుల పెనాల్టీ, అంటే టీ షాట్ పోతే అక్కణ్ణుంచి కొట్టేది నాలుగోది. మామూలు ఆటగాళ్ళ కోసమే పెట్టిన రూలు. 2019లో వచ్చిన మార్పుల్లో మాలాంటి గ్రూపులకి ఇంతకు మించిన మేలు లేదని నా గట్టి అభిప్రాయం.

కానీ దీనికో షరతుంది. ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే పనికొస్తుందని ముందే కొట్టే రెండో బంతి) కొట్టినవాడికి మొదటి బంతి విషయంలో ఈ సదుపాయం లేదు. టీ మీద 5:10 ఎలా అయిందంటే, చెట్లలోకి కొట్టిన ఇద్దరూ పాత అలవాటు కొద్దీ ప్రొవిజనల్ కొట్టారు. అందులో ఒకటి మళ్ళీ చెట్లలోకే పోయింది. అక్కడికెళ్ళాక:

"బావా, ఫెయిర్‌వేలో డ్రాప్ చేసేస్తా, రెండు వేసుకో."
"ప్రొవిజనల్ కొట్టావుగా, కుదరదు."
"అయితే వాగులో పడిందనుకో, ఒకటే పెనాల్టీ."
"పడడం ఎవరు చూశారు?"

ఎర్ర కర్రల్లో పడిందనాలంటే ఊహ సరిపోదు. అక్కడే ఉందని తెలియాలి, లేదా దాదాపు ఖాయం కావాలి. రూల్స్ పుస్తకం ఆ 'దాదాపు'కి 95 శాతం అని అంకె కూడా ఇచ్చింది. వాగుకి ముందు పాతిక గజాల చెట్లూ గడ్డీ ఉంటే ఏ బంతికీ 95 శాతం రాదు. ఒక స్ట్రోకా, రెండా, లేక టీ దగ్గరికి తిరిగి వెళ్ళడమా అన్నదే ఆ రెండున్నర నిమిషాల వాదన. అక్కడ అందరూ మంచివాళ్ళే, ఎవరూ మోసం చేయట్లేదు. మూడు దారులు తెరిచి ఉంచితే మనిషి చవకైన దారికేసి చూస్తాడు, అంతే.

ఇన్ని బంతులు ఎందుకు పోతున్నాయన్నదానికి నా ఊహలు కొన్ని. ఒకటి, ఈ హోల్ తూర్పు ముఖం. 7:40 టీ టైముకి మేం ఇక్కడికి వచ్చేది తొమ్మిది ప్రాంతంలో, ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతుంది. బంతి పైకి లేచాక కొట్టినవాడికే కనబడదు. రెండు, కొట్టినవాడు తన స్వింగ్ గురించి బాధపడుతుంటాడు, మిగతావాళ్ళు తమ టీ వెతుక్కుంటుంటారు, బంతిని చూసేవాడు ఉండడు. మూడు, బంతి ఖరీదు. దీని మీద కొందరికి కోపం రావచ్చు, అయినా అంటున్నాను: ఖరీదైన ప్రో వీ1 బంతి పోగొట్టుకున్నవాడు వెతికినంత సేపు చవకైన కిర్క్‌లాండ్ పోగొట్టుకున్నవాడు వెతకడు. డజను 50 డాలర్లు దాటిన బంతిని గడ్డిలో వదిలి రావాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. హ్యాండిక్యాప్ 20 దాటినవాళ్ళకి కిర్క్‌లాండ్, శ్రిక్సన్ సాఫ్ట్‌ఫీల్, సూపర్‌సాఫ్ట్ చాలు, గ్రీన్ చుట్టూ తేడా తెలిసేంత ఆట వచ్చాక ప్రో వీ1 కొనుక్కోవచ్చు. మెరుపు లేని పసుపు రంగు అయితే ఇంకా మంచిది. చలికాలంలో ఇక్కడి బెర్ముడా గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగినప్పుడు తెల్లబంతి ఆకుల్లో కలిసిపోతుంది, పసుపు దూరం నుంచే కనబడుతుంది.

నాలుగో ఊహ, మేం ఆడుతున్న టీ. అయిదో ఐరన్ అనే క్లబ్బుతో కొట్టే దూరాన్ని 36తో హెచ్చవేస్తే ఎన్ని గజాల కోర్సు ఆడాలో తెలుస్తుందని ఒక పాత లెక్క ఉంది. మా సగటు 150 గజాలు, అంటే 5,400. మేం ఆడుతున్నది 6,200. ఏడో హోల్ ముందు టీ నుంచి 341 గజాలే, పైగా అక్కణ్ణుంచి హైబ్రిడ్ క్లబ్బుతో కొట్టినా వంపు దగ్గరికి చేరుతుంది, చెట్లు ఆటలోకే రావు. దీనికి అడ్డొచ్చేది మగతనం పట్టింపు తప్ప ఇంకోటి కాదు. ముందు టీని పిలిచే 'లేడీస్ టీ' అనే మాటే షీటులోంచి తీసేశాను. ముందు టీ, మధ్య టీ, వెనక టీ, అంతే.

స్కోరుకి పరిమితి మీద కూడా చర్చ నడుస్తోంది. మాక్సిమమ్ స్కోరు పద్ధతిలో పరిమితిని మనమే పెట్టుకోవచ్చు. నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, దానికి తనకొచ్చే హ్యాండిక్యాప్ స్ట్రోకులు కలిపి) పెట్టాలని కొందరి పట్టు. అది హ్యాండిక్యాప్ లెక్కకి సరిగ్గా సరిపోతుంది, కానీ కోర్సులో ఎవరి అంకె వాళ్ళు కట్టుకోవాలి. హోలుకి మూడు స్ట్రోకులు వచ్చే ఆయనకి ఇక్కడ 9 అవుతుంది, పక్కాయనకి 7, మధ్యలో మళ్ళీ ఫోన్ తీయాలి. నేను పార్‌కి రెట్టింపు వైపు. పార్ 4కి 8, ఎనిమిది కాగానే బంతి జేబులో. చిన్నపిల్లాడికైనా గుర్తుంటుంది.

వచ్చే శనివారానికి షీటులో ఏడో హోలుకి విడిగా నాలుగు వాక్యాలు చేర్చాను. ఇక్కడ ప్రొవిజనల్ లేదు, పోతే ఇ-5 ఒక్కటే. వాగులో పడటం ఇద్దరు కళ్ళారా చూస్తే తప్ప ఎర్ర కర్ర మాట ఎత్తకూడదు. కొట్టేవాడి కార్ట్‌మేట్ బంతిని చివరిదాకా చూసి, ఏ చెట్టు సూటిలో పడిందో పైకి చెప్పాలి. మొదటి కార్ట్ చెట్ల దగ్గర ఆగగానే ఒకే ఒక్క టైమర్, ఎన్ని బంతులు పోయినా అందరికీ కలిపి మూడు నిమిషాలు. ఇది అసలు రూలు కంటే గట్టిదే, కానీ ఒక్కో బంతికి మూడు నిమిషాలూ వాడి తీరాలని ఎక్కడా లేదు.

టైమర్ ఫోన్‌లో వద్దు, జేబులో మోగితే వినపడటం లేదు. వంటింట్లో వాడే అయస్కాంతం టైమర్ ఒకటి కొన్నాను, కార్ట్ రూఫ్ కడ్డీకి అతుక్కుంటుంది, మోత గట్టిగా ఉంటుంది. పెద్దాయనకి ముందే ఫోన్ చేసి విషయం చెప్పాను. "నేనే నొక్కుతానయ్యా" అన్నారు. దాంతో సగం బరువు దిగింది. టైమర్ ఆయన కార్ట్‌కే పెడుతున్నాం.

16 నిమిషాల లోపు తేలితే ఇదే పద్ధతి రెండో ఫోర్‌సమ్‌కి (నలుగురి గుంపు) కూడా. తేలకపోతే ఆ తర్వాతి వారం అందరం ముందు టీకి జరుగుతాం, అప్పుడు మళ్ళీ ఇవే ఆరు అంకెలు తీసి పక్కపక్కన పెడతాను. ఈలోగా పన్నెండో హోల్ బంకర్ (ఇసుక గుంట) సంగతి చూడాలి. ఇసుక సరిచేయకుండా వెళ్ళిపోతున్నారని మొన్న వెనక గుంపు వాళ్ళు మాకు గట్టిగానే చెప్పారు. రేక్ (ఇసుక సరిచేసే పళ్ళ కర్ర) బంకర్ లోపల వదలాలా బయటా అన్నది కోర్సు వాళ్ళనే అడిగి షీటులో రాస్తాను.