మయన్మార్ మ్యాప్: పడమర నుంచి తూర్పుకు గీస్తూ రండి

మయన్మార్ పర్వతాల లిస్టు, నదుల లిస్టు విడివిడిగా బట్టీ పడితే పోటీ పరీక్ష హాల్లో సిట్టాంగ్, సాల్వీన్ నదులు తారుమారవుతాయి. ఆ దేశంలో కొండలూ నదులూ దాదాపు అన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే సాగుతాయి. అందుకే తెల్లకాగితం మీద పడమర నుంచి వరుసగా నిలువు గీతలు గీయండి: అరకాన్ యోమా (యోమా అంటే పర్వతశ్రేణి), ఐరావతి, పొట్టిగా పెగూ యోమా, సిట్టాంగ్, చివర షాన్ పీఠభూమి, దాన్ని లోతుగా కోసుకుంటూ వచ్చే సాల్వీన్.

ఐరావతిని మాత్రం తిన్నగా లాగేయకండి. మిచినా పట్టణానికి ఎగువన మాలి, ఎన్‌మై నదులు కలిసిన చోట మొదలుపెట్టి, మాండలే దాటగానే పడమరకు మెలిక తిప్పండి. ఆ మెలిక తర్వాతే చిండ్విన్ నది వచ్చి కలుస్తుంది. మెలిక లేకపోతే చిండ్విన్ ఎక్కడ కలపాలో చేతికి అందదు. ఇంఫాల్ లోయ నీళ్లు కూడా మణిపూర్ నది మీదుగా చివరికి చిండ్విన్‌లోకే చేరతాయి. ప్రిలిమ్స్‌కు పనికొచ్చే ముక్క ఇది, పక్కనే రాసిపెట్టుకోండి.

గీతలు కుదిరాక వాన దానంతటదే అర్థమవుతుంది. తీరాన ఉన్న సిట్వేలో ఏడాదికి 4,500 మి.మీ. దాటి కురిస్తే, కొండల వెనకున్న మాండలే ప్రాంతంలో 1,000 మి.మీ. కూడా పడదు. నైరుతి గాలులు అరకాన్ యోమా దగ్గరే తడి వదిలేస్తాయి. సముద్రానికి దూరం కాబట్టి పొడి అని రాసేవాళ్లు చాలామంది, అక్కడే మార్కులు పోతాయి. పడమటి కనుమల వెనక రాయలసీమకు జరిగేదే ఇదీ. నువ్వులు, వేరుశనగ, కంది ఆ పొడి నేలలోనే ఎక్కువ.

తర్వాత ఎర్ర పెన్నుతో సగాయింగ్ భ్రంశం, అంటే భూమి పొరల్లోని పగులు. మాండలే పక్క నుంచి రాజధాని నేపిడా మీదుగా అండమాన్ సముద్రం దాకా ఒకే నిలువు గీత. రెండు వైపుల నేలా ఒకదాన్నొకటి రాసుకుంటూ అడ్డంగా జరుగుతుంది, ఒకటి కిందికి దిగదు. 2025 మార్చి 28న 7.7 తీవ్రత భూకంపంతో కదిలింది ఇదే. దాదాపు 1,000 కి.మీ. దూరంలోని బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉన్న భవనం కూలింది. ఆ నగరం కింద ఉన్న మెత్తటి బంకమట్టి ప్రకంపనలను పెంచుతుంది. మెయిన్స్‌లో ఈ కారణం ఒక్క వాక్యంలో పడితే చాలు, జవాబు బరువెక్కుతుంది.

పేర్లతో జాగ్రత్త. అరకాన్ అంటే రఖైన్, పెగూ అంటే బాగో, సాల్వీన్ అంటే తన్‌ల్విన్, మౌల్మీన్ అంటే మౌలమ్యైన్. అట్లాస్‌లో ఒకటి, ప్రశ్నలో మరొకటి ఉంటుంది. మ్యాప్ మీద రెండు పేర్లూ రాయండి.

మెకాంగ్‌ను దేశం లోపల గీయకండి. అది లావోస్‌తో సరిహద్దు మాత్రమే. మన వైపు సరిహద్దు 1,643 కి.మీ.: అరుణాచల్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం. అస్సాం కలిపేస్తే తప్పు.