ఏలీయాకు ముందు నిద్ర, తర్వాతే మాట

ఏడు నెలల పాటు నన్ను ఎవరు పలకరించినా ఒకే జవాబు చెప్పాను, "దేవుని కృప వల్ల బాగున్నాను" అని. ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసేది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే మాత్రం గంట గడిచిపోయేది. ఒక కాలికి చెప్పు అలాగే ఉండేది, రెండోది ఎప్పుడు విడిచానో గుర్తుండేది కాదు, వంగి ఆ ఒక్కటీ తీయడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడం అనుకునేదాన్ని. నాకు ఏడుపే రాలేదు, అసలు ఏమీ అనిపించేదే కాదు. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని కదా, వాళ్ళు గొంతెత్తి పాడుతుంటే నేను పెదవులు కదిపి ఊరుకునేదాన్ని. రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది, కానీ సరిగ్గా 3 గంటలకు మెలకువ వచ్చేసేది, ఇక తెల్లారేదాకా నేను ఎవరికీ పనికిరానిదాన్ని అన్న ఒకే ఆలోచన తిరిగి తిరిగి వచ్చేది. నా బైబిల్లో రిబ్బన్ యెషయా గ్రంథం దగ్గర ఆగిపోయి నెలలు గడిచాయి.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది జబ్బు కాదు, దాని చుట్టూ నేను పెంచుకున్న నేరభావం. ఎల్లప్పుడూ ఆనందించమని వాక్యం చెబుతుంటే నేను ఆనందించలేకపోతున్నాను, అంటే నా విశ్వాసంలోనే లోపం ఉంది అనుకున్నాను. సంఘంలో ఒక పెద్దావిడ, నా మీద ప్రేమతోనే, మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేయమన్నారు. చేశాను. ఉపవాసాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ అప్పటికే నిద్రా తిండీ లేని ఒంటికి అది మరీ భారమైంది. మూడో రోజు సాయంత్రం మోకాళ్ళ మీద ఉండి ఒక్క మాట కూడా పలకలేకపోయాను, దేవుడు కూడా నన్ను వదిలేశాడని ఖాయం చేసుకున్నాను.

మా అక్క నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, అడగలేదు, లాక్కెళ్ళింది. డాక్టర్ గారు ఒక కాగితం ఇచ్చారు, గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. ఎనిమిదింటికీ గబగబా టిక్కులు పెట్టేశాను. తొమ్మిదోది, చనిపోతే బాగుండు అనిపించిందా అని. పెన్ను అక్కడే ఆగిపోయింది. అక్క పక్కనే ఉంది, తను చూస్తుందేమో అని కాగితాన్ని చేత్తో కప్పుకున్నాను. చివరికి "కొన్ని రోజులు" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఏడు నెలల్లో నేను చెప్పిన మొదటి నిజం అదే. అక్క చూసింది, ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుంది. మీకు కూడా అలా అనిపిస్తుంటే దయచేసి రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే మీ వాళ్ళలో ఒకరికో డాక్టర్‌కో చెప్పండి.

నాకు 19 వచ్చింది, తక్కువేం కాదు. థైరాయిడ్, బి12 లోపం వల్ల కూడా ఇలాంటి నీరసం వస్తుందని రక్త పరీక్షలు చేయించారు, అవి మామూలుగానే ఉన్నాయి. మాత్రలు రాసి, తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగున్నాక కూడా మీ అంతట మీరు ఆపొద్దు అని రెండుసార్లు చెప్పారు. మాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా అని నాకు ఒకటే టెన్షన్. రోగులకే వైద్యుడు కావాలని చెప్పింది యేసు ప్రభువే కదా, సువార్త రాసిన లూకా వైద్యుడే కదా, బీపీ మాత్ర వేసుకునేవాళ్ళని ఎవరూ విశ్వాసం గురించి అడగరు కదా అని అక్క అంటే జవాబు చెప్పలేకపోయాను. స్పర్జన్ లాంటి బోధకుడు కూడా 1856లో తన కూటంలో తొక్కిసలాట జరిగి 7 మంది చనిపోయాక బాగా కుంగిపోయాడని, ఆ కుంగుబాటు జీవితాంతం మళ్ళీ మళ్ళీ వచ్చేదని మా పాస్టర్ గారు చెప్పారు. ఆ రాత్రి నేను ఒంటరిదాన్ని అన్న భావం కొంచెం తగ్గింది.

నన్ను నిజంగా నిలబెట్టింది మాత్రం బైబిల్లోని ఏలీయా ప్రవక్త. 1 రాజులు 19వ అధ్యాయం ఎన్నిసార్లు విన్నానో, కానీ ఆ రోజుల్లో చదివితే వేరేగా కనబడింది. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం చూసిన మనిషి, ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని ఇంతమట్టుకు చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, దూత మళ్ళీ వచ్చి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ దాకా 40 రోజుల నడక, అక్కడ దేవుని నిమ్మళమైన స్వరం, అన్నీ ఆ తర్వాతే. నేను తిండీ నిద్రా లేకుండా ఆ స్వరం కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

అందుకని ఒంటితోనే మొదలుపెట్టాను. రాత్రి ఎలా గడిచినా పొద్దున 6 గంటలకు లేవడం. ఫోన్ వేరే గదిలో. లేవగానే కిటికీ తెరిచి వెలుతురులో పది నిమిషాలు నిలబడటం, పొద్దుటి వెలుతురు పడితేనే మన ఒంట్లో గడియారం సరిగ్గా తిరుగుతుందట. తర్వాత పది నిమిషాల నడక. బుద్ధి పుట్టాక నడుద్దాం అనుకుంటే ఎప్పటికీ పుట్టదు, నడిచాకే కొంచెం పుడుతుంది, ఇది నేను నా కాళ్ళతో నేర్చుకున్నాను.

ప్రార్థన ఒక్క వాక్యానికి తగ్గించాను. "ప్రభువా, ఈ రోజుకి సరిపడా బలం ఇవ్వు," అంతే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అడగమన్నారు గానీ నెలకు సరిపడా అడగమనలేదు కదా. వాక్యంలో 88వ కీర్తన పట్టుకున్నాను, ఎందుకంటే అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు, అయినా బైబిల్లో ఉంది. పైకి చదివేదాన్ని, నా గొంతు నాకే వినబడేలా.

రాత్రి ఒక నోటుబుక్కులో ఒక స్తోత్రం రాయడం. మొదటి రోజు పెద్దవి ఏవీ తోచలేదు, "తలస్నానం చేశాను, స్తోత్రం" అని రాశాను. ఇప్పుడు చూస్తే అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయి ఉంటాయి. వారానికి ఒకసారి సంఘంలో ఒక అక్కకి ఫోన్ చేసి నిజం చెప్పడం అన్నిటికంటే కష్టమైంది, "బాగున్నాను" అనే మాట వాడకూడదని మేమిద్దరం ఒప్పందం పెట్టుకున్నాం.

ఆరో వారం దాటాక ఒక ఆదివారం పిల్లలు పల్లవి మర్చిపోయి చరణం నుంచి ఎత్తుకున్నారు, నేను నవ్వి, వాళ్ళని ఆపి, పల్లవి పాడి వినిపించాను. పాడటం అయ్యాక గానీ నేను పాడానని నాకు తెలియలేదు.

తర్వాత కూడా ఎత్తుపల్లాలు ఉన్నాయి. పూర్తిగా బాగుపడ్డాక కూడా ఆరు నెలలు మాత్రలు వాడి, ఇప్పుడు డాక్టర్ గారి మాట ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాను. పోయిన వారం మళ్ళీ 3 గంటలకు మెలకువ వచ్చింది. భయం వేసింది. లేచి నీళ్ళు తాగి ఆ ఒక్క వాక్యం ప్రార్థన చేసుకుని మళ్ళీ పడుకున్నాను. 6కి లేచి కిటికీ తెరిచి, సంఘంలోని ఆ అక్కకి ఫోన్ చేసి, రాత్రి నిద్ర పట్టలేదక్కా అన్నాను.