పసుపు వెయ్యని కోడికూర

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడికూర లేని ఆదివారం ఉండేది కాదు. శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఊరు మాది, ఉద్దానం ప్రాంతం. పొద్దున్నే నాటుకోడి, మధ్యాహ్నానికి ఎర్రగా నూనె తేలిన కూర, ఆ ఘాటు వీధి గుమ్మం దాకా వచ్చేది. అలా తిన్న మనిషి మా నాన్న. పోయిన నెల పళ్ళు చూపించుకోవడానికి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వచ్చారు, నాలుగు పళ్ళు తీయించుకున్నారు, ఇక పది రోజులు పెరుగన్నం, ఇడ్లీ, జావ. పదకొండో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, టీవీ మీంచి చూపు తిప్పకుండానే "కోడి తిని ఎన్నాళ్ళయిపోయిందిరా" అన్నారు. అడగడం కాదు, ఊరికే అన్నారు. నాకు మనసు చివుక్కుమంది.

డాక్టర్ చెప్పింది ఏమిటంటే కారం వద్దు, గట్టిగా నమిలేవి వద్దు. అంటే మిరప్పొడి లేకుండా, నాలుకతో నొక్కినా విడిపోయేంత మెత్తగా కోడి వండాలి. అప్పటికి టైము ఏడున్నర. నాన్న తొమ్మిదికల్లా తినేసి పడుకుంటారు. ఫోన్లో సూపు ఎలా చెయ్యాలో చూడబోయి మానేశాను, ఎందుకంటే పది రోజులుగా తాగినవన్నీ అలాంటివే, ఆయనకి కావాల్సింది కూర. అన్నంలో కలుపుకునే కూర. జీడిపప్పు, పెరుగు, క్రీమ్ వేసి తెల్లగా, వెన్నలా ఉండేలా చేద్దామనుకున్నాను.

చేద్దామనుకున్నాను గానీ లోపల టెన్షన్. ఎందుకంటే ఇదే కూర రెండేళ్ళ కిందట ఒకసారి పాడు చేశాను. నలుగురు భోజనానికి వస్తున్న రోజు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు తీసినట్టే సలసల మరుగుతున్న గ్రేవీలో పోసేశాను. చూస్తుండగానే విరిగిపోయింది, తెల్లటి పలుకులు ఒకవైపు, పల్చటి నీళ్ళు ఒకవైపు. క్రీమ్ పోస్తే సర్దుకుంటుందేమోనని ప్యాకెట్ మొత్తం పోశాను, సర్దుకోలేదు. వచ్చినవాళ్ళు ఏమీ అనకుండా తిన్నారు, నాకే ముద్ద దిగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు దాని గురించే ఆలోచించాను. పెరుగు అప్పటికే పులుపు, ఆ పులుపులో ఉన్న పాల ప్రొటీన్‌కి ఒక్కసారిగా గట్టి వేడి తగిలితే అది ముడుచుకుని ముద్దకట్టి నీళ్ళని వదిలేస్తుంది. కొవ్వు తక్కువున్న పెరుగు ఇంకా త్వరగా విరుగుతుంది. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ కాబట్టి వేడికి తట్టుకుంటుంది, కానీ విరిగిపోయిన పెరుగుని అది మళ్ళీ అతికించలేదు. చాలామంది ఇలాంటి కూర అంటే క్రీమ్ ప్యాకెట్ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఆ నునుపు తొంభై పాళ్ళు జీడిపప్పు ముద్దలోంచి, సన్న మంటలోంచి వస్తుంది. క్రీమ్ చివర్లో వేసేది, అది లేకపోయినా కూర ఆగదు.

జీడిపప్పు మాత్రం నాన్న తెచ్చినదే. వచ్చేటప్పుడు సంచీలో కిలో ముక్క తెచ్చారు. గుళ్ళు (విరగని నిండు పప్పు) కాదు, ముక్క. మా వైపు ఇంట్లో వంటకి ముక్కే వాడతారు, గుళ్ళు అమ్మకానికి. గ్రేవీలోకి నూరేదే కదా, గుళ్ళు కొని డబ్బు తగలెయ్యడం దేనికి, మీరు కూడా షాపులో ముక్క అడిగి తీసుకోండి. ఈ పప్పు మా తోటలోది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, మా తోటలో సగానికి పైగా పోయింది. నాన్న మళ్ళీ అంటు మొక్కలు తెచ్చి నాటారు. అవి ఇప్పుడు కాస్తున్నాయి. జీడిపిక్క కొట్టే పని చూసినవాళ్ళకి పప్పు విలువ తెలుస్తుంది, ఆ తొక్కలో ఉండే జీడి రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది, ఆడవాళ్ళు చేతులకి నూనె, బూడిద రాసుకుని కూర్చుని కొట్టేవారు. అందుకని పప్పు వేయించేటప్పుడు ఒక్కటి మాడినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సరే, వంటలోకి వస్తాను.

కోడి అర కిలో, బోన్‌లెస్, కానీ తొడ ముక్కలు. షాపువాడు బోన్‌లెస్ అనగానే బ్రెస్ట్ కోసిచ్చేస్తాడు, మనమే ముందుగా లెగ్ బోన్‌లెస్ అని చెప్పాలి. బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ, రెండు నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచుపీచుగా అయిపోతుంది. తొడ మాంసం అయితే ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా మెత్తగానే ఉంటుంది, కొత్తగా వండేవాళ్ళకి అదే మంచిది. ముక్కల్ని తుడిచి ఉప్పు ఒక చెంచా, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, మిరియాల పొడి పావు చెంచా పట్టించి పక్కన పెట్టాను. నాన్నకి కాబట్టి పావే వేశాను, మామూలుగా అయితే ఒక చెంచా దాకా వేసుకోవచ్చు.

అది నానేలోపు రెండు పెద్ద ఉల్లిపాయలు పెద్ద ముక్కలుగా కోసి, ఒక గుప్పెడు జీడిపప్పు (తూస్తే నలభై గ్రాములు వచ్చింది), గింజలు తీసేసిన ఒక పచ్చిమిరపకాయ, గ్లాసు నీళ్ళలో పది నిమిషాలు ఉడికించాను. ఉల్లిపాయ పచ్చిగా నూరితే ముద్ద ఒక్కోసారి చేదెక్కుతుంది, వేయించి నూరితే రంగు గోధుమ అవుతుంది. ఉడికిస్తే రెండూ ఉండవు, పైగా తియ్యదనం వస్తుంది. ఉల్లి గాజులా మారి, జీడిపప్పుని వేళ్ళతో నొక్కితే నలిగిపోవాలి. ఆ నీళ్ళు పారబొయ్యకుండా గిన్నెలో వంచి ఉంచాను, తర్వాత అవే కావాలి. వేడిమీద మిక్సీలో వెయ్యొద్దు, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాల్తాయి. నేను ప్లేట్లో పరిచి ఫ్యాన్ కింద పెట్టాను. చల్లారాక తిప్పాలి, సగంలో ఆపి గిన్నె అంచులు గరిటెతో తుడిచి మళ్ళీ తిప్పాలి. రెండు వేళ్ళ మధ్య రాసి చూడండి. రవ్వలా తగిలితే ఇంకా తిప్పాలి, పాలమీగడలా జారితే చాలు. ఈ ఒక్క దగ్గర తొందరపడితే కూరంతా గరుకుగా వస్తుంది, తర్వాత ఏం చేసినా పోదు.

మూకుట్లో రెండు చెంచాల నూనె, ఒక చెంచా వెన్న. వెన్న ఒక్కటే వేస్తే మాడుతుంది. ముక్కల్ని ఎడంగా పేర్చి రెండేసి నిమిషాలు అటూ ఇటూ కాల్చి తీశాను, లోపల ఉడకక్కర్లేదు, పైన కాస్త బంగారు రంగు వస్తే చాలు. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరూరిపోయి ఉడుకుతాయే తప్ప కాలవు, అందుకే రెండు వాయిలు. అదే మూకుట్లో రెండు యాలకులు, మూడు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, అర చెంచా షాజీరా, వెంటనే తెల్ల ముద్ద. మంట సన్నం చేసెయ్యాలి. ఈ ముద్ద గుబుక్ గుబుక్ మని చేతి మీదికి చిందుతుంది, మూత ఓరగా పెట్టి గరిటెతో అడుగు గీరుతూ ఏడెనిమిది నిమిషాలు. జీడిపప్పు ఇట్టే అడుగంటుతుంది, అక్కడే నిలబడి ఉండాలి. పచ్చివాసన పోయి, అంచుల్లో సన్నగా నూనె మెరవడం మొదలైతే అప్పుడు పెరుగు.

పెరుగు అర కప్పు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టేశాను. అందులోనే ఆ వేడి ముద్ద రెండు గరిటెలు వేసి గిలక్కొట్టాను, అంటే పెరుగు ముందే కొంచెం వేడెక్కి, జీడిపప్పుతో కలిసిపోయి ఉంటుంది. తర్వాత మంట వీలైనంత తగ్గించి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో సన్నటి ధారగా పోశాను. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. విరగలేదు. తెల్లగా, నున్నగా, గరిటె వెనక గీత గీస్తే గీత నిలబడేంత చిక్కగా వచ్చింది. వంటింట్లో ఒక్కణ్ణే ఉన్నా "అబ్బా" అని పైకే అన్నాను.

ముక్కలు, వాటి కింద ఊరిన రసం, ఉంచిన నీళ్ళు అర గ్లాసు వేసి, మూత పెట్టి పన్నెండు నిమిషాలు సన్న మంట. పెద్ద ముక్క ఒకటి గరిటె అంచుతో నొక్కి చూశాను, చీలిపోయింది, లోపల ఎక్కడా గులాబీ రంగు లేదు. నాన్నవి అని కొన్ని ముక్కలు తీసి ఇంకో నాలుగు నిమిషాలు విడిగా ఉడికించాను. స్టవ్ ఆపేశాక క్రీమ్ నాలుగు చెంచాలు, అరచేతిలో నలిపిన కసూరీ మేథీ ఒక చెంచా. ఉప్పు చూసుకుని మూత పెట్టి ఐదు నిమిషాలు అలా వదిలెయ్యాలి. క్రీమ్ ప్యాకెట్ లేకపోతే గేదెపాల మీగడ నాలుగు చెంచాలు మిక్సీలో ఒక్కసారి ఇలా తిప్పి అలా ఆపండి, ఇంకోసారి తిప్పితే వెన్న తేలిపోతుంది. కొబ్బరిపాలు పోసినా బాగుంటుందని నా నమ్మకం, ఉద్దానంవాణ్ణి కాబట్టి అలా అంటున్నానేమో తెలీదు గానీ అది వచ్చే వారం చేసి చూస్తాను.

ఎనిమిది యాభైకి కంచం పెట్టాను. మా ఆవిడ, పాప చపాతీతో తిన్నారు. నాన్నకి అన్నం, కాస్త మెత్తగా వండాను. కూర వంక చూసి "ఏట్రా ఇది, తెల్లగుంది? కోడేనా?" అన్నారు. "తిను నాన్నా ముందు" అన్నాను. మొదటి ముద్ద కుడివైపు పెట్టుకుని, కుట్లున్న ఎడమవైపు తగలకుండా నెమ్మదిగా నమిలారు. ఏమీ అనలేదు. రెండో ముద్దకి ముక్కని బొటనవేలితో అన్నంలోకి నొక్కి కలిపేశారు, అది పప్పులా కలిసిపోయింది. మూడో ముద్ద దాకా నేను నా చపాతీ ముట్టుకోలేదు. అప్పుడు "మెత్తగుందిరా" అన్నారు, ఇంకో గరిటె వెయ్యమన్నట్టు కంచం కొంచెం ముందుకి జరిపారు. పదకొండు రోజుల తర్వాత ఆయన రెండోసారి అన్నం పెట్టించుకోవడం అదే. పాప కూడా కారం లేదని తాతతో పోటీపడి తింది.

కొంచెం మిగిలింది. ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గడ్డకట్టినట్టు అవుతుంది, కంగారుపడకండి, జీడిపప్పు ఉంటే అంతే. నీళ్ళు పోస్తే రుచి చప్పబడుతుంది, రెండు మూడు చెంచాల పాలు పోసి సన్న మంట మీద కదుపుతూ వేడి చెయ్యండి, మళ్ళీ మొదటి రాత్రిలాగే వస్తుంది. గబగబా మరిగిస్తే మాత్రం విరుగుతుంది. నేను ఆ మిగిలింది మర్నాడు బాక్సులో పెట్టుకెళ్ళాను.

తిన్నాక నాన్న అమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. కోడి తిన్నానని చెప్పగానే అమ్మకి కంగారు, "పళ్ళు మానకుండా ఎలా తిన్నావు, వాడికైనా బుద్ధుండాలి కదా" అని నా మీద పడింది. ఎలా చేశానో మొదట్నుంచి చెప్పాను. అంతా విని, "పసుపు ఎప్పుడేశావు?" అంది. వెయ్యలేదమ్మా అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. మా ఇంట్లో పసుపు పడకుండా కోడి పొయ్యెక్కడం నాకు తెలిసి అదే మొదటిసారి. "చిటికెడు వేస్తే ఏటవుద్ది?" అంది. రంగు మారుతుంది, రుచికేమీ కాదు అన్నాను.

"అయితే నేను వేస్తాను. జీడిపప్పు నానబెట్టాలా, ఉడకబెట్టాలా?"

ఉడకబెట్టమన్నాను. పది నిమిషాలు.